వంకపల్లె పెట్టెలో కార్డులు

శ్రీరంగప్పకు కడుపుమంట పంతొమ్మిది వందల అరవై ఒకటిలో మొదలైంది. శొంఠి కషాయంతో తగ్గే మంట కాదది. వంకకు అవతల, వంకపల్లెలో, కుళ్ళాయప్ప ఇంటి గోడకు ఎర్ర పెట్టె ఒకటి తగిలించారు. ఆ ఇంటి పంచలో కొత్త పోస్టాఫీసు తెరిచారు. దానికి పోస్టుమాస్టరుగా కుళ్ళాయప్ప పెళ్ళాం నారాయణమ్మను వేశారు. మొదటి రెండింటినీ శ్రీరంగప్ప ఎలాగో మింగి ఉండేవాడు. మూడోది గొంతు దిగలేదు.

అంతవరకూ ఆ చుట్టుపక్కల పోస్టాఫీసు అంటే గుట్టకిందపల్లెలో శ్రీరంగప్ప ఇంటి పంచ. తెల్లదొరల కాలంలో అతని నాయన ఆ పంచలో కూర్చుని ముద్ర కొట్టాడు. ఆయన పోయాక ఇతను కొడుతున్నాడు. సర్కారు ఇచ్చే జీతం నలుగురిలో చెప్పుకునేంత కాదు. పక్కన చిల్లర అంగడి, వాన పడితే పండే చేను ఉన్నాయి కాబట్టి ఇల్లు గడిచేది. అతనికి కావలసింది జీతమూ కాదు. గోరంట్ల నుంచి ఓబుళేసు టపా సంచి భుజాన వేసుకుని నడిచి వచ్చేసరికి పంచ ముందర జనం నిలబడి ఉండాలి. తను లక్క ముద్ర పగలగొట్టి, సంచి విప్పి, కళ్ళద్దాలు తగిలించుకుని, ఒక్కొక్క పేరే పిలవాలి. పిలిచినవాడి ముఖం విచ్చుకోవాలి. పిలవనివాడు నాకేమీ రాలేదా అని దీనంగా అడగాలి. ఆ కాసేపటి కోసమే శ్రీరంగప్ప మిగతా రోజంతా బతికేవాడు.

ఆ సీమలో ఒక విడ్డూరం ఉంది. వాన ఎగ్గొడితే ఉత్తరాలు పెరుగుతాయి. చేలు మాడిపోతే మగవాళ్ళు బెంగళూరు మిల్లులకో, కోలారు గనులకో, ధర్మవరం మగ్గాలకో పోతారు. పోయినవాళ్ళు అక్కడి నుంచి కార్డు ముక్క రాస్తారు. ఇక్కడి ఆడవాళ్ళు జవాబు రాయిస్తారు. చదివి వినిపించేదీ, రాసిపెట్టేదీ శ్రీరంగప్పే. అందుకని కరువు వచ్చిన ఏడు ఊరంతా కుదేలైనా అతని పంచ మాత్రం కళకళలాడేది. అతను చెడ్డవాడని కాదు నేను చెప్పేది. ఒకరి కష్టం మన దగ్గరకు నడిచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడితే, అయ్యో అనుకుంటూనే కాస్త బాగా ఉంటుంది. అది ఎవరికైనా ఉంటుంది, ఒప్పుకోరు గానీ.

కొత్త రాజ్యంలో ఊరూరికీ పోస్టాఫీసు కావాలన్నారు. వంకపల్లె వాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. అక్కడి బడిపంతులు ఏడాదికొకడు మారేవాడు, అతన్ని నమ్మి ఆఫీసు ఇవ్వలేరు. ఊళ్ళో ఉండి, కాస్త భూమి ఉండి, చదువు వచ్చినవాళ్ళు ఎవరంటే నారాయణమ్మ ఒక్కతే తేలింది. హిందూపురంలో మేనమామ ఇంట ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివింది. కొత్త ఇన్‌స్పెక్టరు కుర్రవాడు, కోస్తా నుంచి వచ్చినవాడు. ఆడమనిషి అయితే ఏం, రాయడం వచ్చు కదా అని సంతకం పెట్టి పోయాడు.

పోతూ పోతూ శ్రీరంగప్ప పంచలో ఆగి, మంచినీళ్ళు తాగి, ఒక మాట చెప్పాడు. ఇంత దగ్గర దగ్గరగా రెండు ఆఫీసులు పెట్టి నష్టం భరించడం డిపార్టుమెంటు వల్ల కాదట. ఒక ఏడాది చూస్తారట. ఏ పెట్టెలో ఎన్ని ఉత్తరాలు పడుతున్నాయో లెక్క కడతారట. ఎవరి మీద ఫిర్యాదులు వచ్చాయో కూడా చూస్తారట. ఏడాది తిరిగాక ఒకటి ఉంటుంది, ఒకటి పోతుంది.

శ్రీరంగప్ప నవ్వాడు. లెక్కకు అతనికి భయమేమిటి? గుట్టకిందపల్లె పెద్ద ఊరు, వంకపల్లె దాంట్లో సగం లేదు. లెక్క దానంతట అదే తేలుతుంది. ఇక తేలవలసింది ఫిర్యాదు. అతను చూసినంతలో ఏ ఆఫీసు ఎత్తేసినా, ఏదో తప్పు జరిగే ఎత్తేశారు. ఆడమనిషి, పొయ్యి దగ్గర ఒక కాలు, ముద్ర దగ్గర ఒక కాలు. తప్పు చేయకుండా ఎన్నాళ్ళుంటుందిలే అనుకున్నాడు.

నెలలు గడిచాయి. తప్పు జరగలేదు. జరిగిందల్లా పెద్దక్క అనే ఆమె వంకపల్లె ఆఫీసుకు మళ్ళడం.

పెద్దక్క వంకకు ఇవతలి దరిన గుడిసెలో ఉంటుంది. రెండు ఊళ్ళకూ ఆమెకు ఒకటే దూరం. కొడుకు బెంగళూరులో మిల్లు కూలి. ఏళ్ళ తరబడి శ్రీరంగప్ప దగ్గరే చదివించుకునేది, రాయించుకునేది. ఉన్నట్టుండి ఆమె రావడం మానేసింది. ఒకరోజు చేను దగ్గర కనబడితే ఏమైందని అతను అడిగాడు. ఆమె దాచలేదు.

"నీ కాడ ఇన్నాళ్ళు ఎండలో నిలబడి ఇంటా ఉంటి. ఆడ నీడలో కూసోని ఇంటాండా. ఆయమ్మ రెండు తూర్లు సదువుతాది. అంతేప్పా, నీ మీద కోపమేం లేదు."

కోపం ఉందని చెప్పినా అతనికి అంత నొప్పి ఉండేది కాదు. అతని పంచ అరుగు మీద ఆడవాళ్ళు కూర్చునే వాడుక లేదు. నాయన కాలం నుంచీ లేదు. వాళ్ళు కింద నిలబడతారు, ఇతను పైన కూర్చుని చదువుతాడు. అది తప్పని ఎవరూ అనలేదు, ఇప్పుడు పెద్దక్క కూడా అనలేదు. అనకుండానే పోయింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు పోయారు.

పోనీలే అనుకుందామంటే ఓబుళేసు ఊరుకునేవాడా? టపా సంచి మోసేవాడు గోరంట్ల నుంచి ముందు గుట్టకిందపల్లెకు వచ్చి, తరువాత వంక దాటి వంకపల్లెకు పోయి, తిరుగుదారిలో మళ్ళీ ఇటే వస్తాడు. అటు సంగతులు ఇటు మోయడం కూడా తన ఉద్యోగమే అనుకున్నాడు. ఆయమ్మ మజ్జిగ ఇచ్చింది, ఆయమ్మ సంచి మూతి ఎంత గట్టిగా కట్టింది, ఆయమ్మ తేదీ అచ్చులు పొద్దున్నే మార్చిపెట్టుకుంటుంది. శ్రీరంగప్ప వినీ వినీ ఒకరోజు, ముద్ర కొట్టడంలో ఏముంది, ఎవరు కొట్టినా ముద్రే కదా అన్నాడు. ఓబుళేసు గడ్డం గోక్కుంటూ, "కాదు స్వామీ, ఆయమ్మ ముద్ర చూడల్ల. గుండ్రంగా, నిండుగా పడతాది. నీది ఒక పక్క మాసిపోతాది" అన్నాడు.

ఆ పూట శ్రీరంగప్ప సంగటి సగంలో వదిలేసి లేచాడు. పాత కార్డులు తిరగేసి చూసుకున్నాడు. నిజమే, అతని ముద్ర ఎడమ పక్క ఎప్పుడూ సగమే పడేది. ఇన్నేళ్ళలో అతను చూసుకోలేదు. చూసుకోమని చెప్పినవాళ్ళూ లేరు. ఇప్పుడు ఒక ముద్ర గుండ్రంగా పడిందని ఒక మనిషి మీద అసూయపడుతున్నానని అతనికి తెలుస్తూనే ఉంది. తెలిసినందువల్ల అసూయ ఏమీ తగ్గలేదు.

భార్య లక్ష్మీనరసమ్మ సూటి మనిషి. మొగుడి ముఖం చూసి, నీకు ఆఫీసు పోతుందని బాధా, ఆయమ్మకు వచ్చిందని బాధా అని అడిగింది. రెండూ అన్నాడతను. రెండోదే ఎక్కువని ఇద్దరికీ తెలుసు.

మరుసటి వారం అతను ఒక కార్డు తీసుకుని దాని మీద ఎడమ చేత్తో, వంకర అక్షరాలతో రాశాడు. వంకపల్లె వెంకటరాముడు అనేవాడు గుట్టకిందపల్లెలో ఉన్న మేనమామ కొండప్పకు క్షేమం తెలుపుతున్నట్టు. ఆ వెంకటరాముడూ లేడు, ఈ కొండప్పా లేడు. మధ్యాహ్నం చేనికి పోయే దారిన పోయి, వంక దాటి, నారాయణమ్మ లోపల వంటలో ఉండే వేళ చూసి ఆ ఎర్ర పెట్టెలో వేసి వచ్చాడు. వంకపల్లెలో వేసిన కార్డు ఓబుళేసు సంచిలో గోరంట్లకు పోయి, అక్కడ ముద్ర పడి, తిరిగి ఓబుళేసు సంచిలోనే గుట్టకిందపల్లెకు రావాలి. కేకేస్తే వినపడే ఊరికి కార్డు అంత ఊరేగింపు చేయాలి. ఎక్కడ ఒక రోజు ఆలస్యమైనా ముద్రల మీద తేదీలు చెబుతాయి. ఆ కార్డు పట్టుకుని పైకి ఫిర్యాదు రాయవచ్చు.

కార్డు సరిగ్గా రావలసిన రోజున వచ్చింది. మీద ముద్ర గుండ్రంగా, నిండుగా ఉంది.

మామూలు మనిషి అయితే అక్కడ ఆగేవాడు. శ్రీరంగప్పకు అది మొదలు. ఊరి పేరు రాయకుండా ఒకటి వేశాడు, ఆమె పెన్సిలుతో ఊరి పేరు చేర్చి పంపింది. అక్షరాలు నీళ్ళు పోసి అలికి ఒకటి వేశాడు, అదీ వచ్చింది. సంచి కట్టే వేళ దాటిపోయాక ఒకటి వేశాడు, మరుసటి రోజు మొదటి ముద్ర దానికే పడింది. వారానికొకటి పోయి, రెండు రోజులకొకటి అయింది. ప్రతి కార్డూ రావడం, ప్రతిదాన్నీ అతను వెలుతురులోకి పట్టుకుని తేదీలు చూడటం, ఏమీ దొరక్క పళ్ళు కొరుక్కోవడం. భార్యకు తెలియకుండా అంగడి వెనక గదిలో దాచిన కార్డులు కట్టలు అయ్యాయి.

ఉత్త క్షేమాలు రాసి రాసి అతనికే విసుగు పుట్టింది. అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. పోస్టుమాస్టరు పరుల ఉత్తరాలు చదవకూడదు. చదివిందని రుజువైతే అంతకన్నా పెద్ద తప్పు లేదు. అందుకని వెంకటరాముడి చేత కార్డుల్లో నారాయణమ్మను తిట్టించడం మొదలుపెట్టాడు. మా ఊరి పోస్టమ్మకు పొగరని, సంచిలో ఉత్తరాలకు పోపు వాసన వస్తుందని, ఆడదాని చేతిలో ఆఫీసు పెట్టి సర్కారు చెడిందని రాశాడు. చదివితే ఆమెకు రోషం వస్తుంది, రోషం వస్తే కార్డు చించేస్తుంది, చించితే దొరుకుతుంది. రాస్తున్నప్పుడు అతనికి ఎంత హాయిగా ఉండేదంటే, ఎడమ చేయి నొప్పెడుతున్నా ఆపబుద్ధి అయ్యేది కాదు. కానీ ఒక్క కార్డూ చిరగలేదు.

చివరికి, తన దొంగ కార్డులు కాదు, నిజమైన ఉత్తరం ఆలస్యం కావాలి అనుకున్నాడు. బెంగళూరు నుంచో కోలారు నుంచో ఎవడో నిజమైనవాడు, నా ఉత్తరం అందలేదని గొడవ చేయాలి. కాబట్టి తన దగ్గర రాయించుకుని, నువ్వే పెట్టెలో వెయ్యి స్వామీ అని తన చేతికిచ్చి పోయినవాళ్ళ కార్డులు కూడా పట్టుకెళ్ళి వంకపల్లె పెట్టెలో వేయడం మొదలుపెట్టాడు. మొదట ఒకటీ అరా. తరువాత అలవాటైంది. ఏ పెట్టెలో వేస్తే ఏం, టపా టపానే కదా అని తనకు తను సర్ది చెప్పుకున్నాడు. ఆ ఏడు మళ్ళీ వాన లేదు. ఊళ్ళో మగవాళ్ళు సగం మంది పోయారు. కార్డులు విరివిగా ఉన్నాయి. శ్రీరంగప్ప ఎండలో తలకు తుండు చుట్టుకుని, చేతిలో పలుగు ఒకటి చేని పని ఉన్నట్టు చూపడానికి పట్టుకుని, వంకలో ఇసుక తొక్కుకుంటూ పోయి వచ్చేవాడు. ఒకసారి పెట్టె దగ్గర ఓబుళేసు ఎదురుపడ్డాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఓబుళేసు ఎప్పుడూ మాట్లాడేవాడు కాబట్టి, శ్రీరంగప్పకు ఆ రోజంతా మనసు మనసులో లేదు.

ఏడాది తిరిగింది. ఇన్‌స్పెక్టరు జీపులో వచ్చి గుట్టకిందపల్లె పంచలోనే కూర్చున్నాడు. నారాయణమ్మను కూడా పిలిపించాడు. ఆమె మొగుడితో కలిసి వచ్చి, వాడుక ప్రకారం అరుగు కిందే నిలబడింది. ఆమె వెనక వంకపల్లె వాళ్ళు, పెద్దక్క. ఈ పక్కన గుట్టకిందపల్లె జనం. శ్రీరంగప్ప ఉతికిన పంచె కట్టుకుని, ముఖాన విభూతి పెట్టుకుని, లోపల ఇన్‌స్పెక్టరుకు కాఫీ కూడా పెట్టించి సిద్ధంగా ఉన్నాడు. ఫిర్యాదు ఒక్కటీ దొరకలేదన్న బాధ ఉంది గానీ, లెక్క ఎటూ తనదే.

ఇన్‌స్పెక్టరు కాగితాలు సర్దుకుని, ఇద్దరి మీదా ఫిర్యాదులు లేవన్నాడు. ఇద్దరినీ మెచ్చుకున్నాడు. ఇక ఉత్తరాల సంగతికి వస్తే, తనకే ఆశ్చర్యంగా ఉందన్నాడు. వంకపల్లె పెట్టెలో ఎక్కువ పడ్డాయట. పెద్ద తేడా ఏమీ కాదు, కొద్దిలో తప్పిపోయింది. కానీ తేడా తేడాయే. గుట్టకిందపల్లె ఆఫీసు ఎత్తేస్తున్నారు. ఉత్త పెట్టె ఒకటి ఉంచుతారు, దాన్ని ఓబుళేసు వచ్చి తెరుస్తాడు. మిగతా పనికి వంకపల్లెకు పోవాలి.

శ్రీరంగప్పకు మొదట వినపడలేదు. తరువాత వినపడింది. ఆ కొద్దిపాటి తేడా ఎక్కడిదో, ఆ జనం మొత్తంలో అందరికన్నా ముందు అతనికే అర్థమైంది. వెనక గదిలో కట్టలు కట్టలుగా ఉన్నది ఆ తేడాయే. తన నాయన కూర్చున్న పంచను తనే, తన రెండు కాళ్ళ మీద నడిచి, మండుటెండలో, వంకకు అవతల వేసి వచ్చాడు.

జనం ఊరుకోలేదు. జయరాముడు అని ఊళ్ళో కాస్త ఆవేశపరుడు ముందుకు వచ్చాడు.

"ఇది యాడి లెక్కప్పా? మా ఊరు పెద్దదా, వాళ్ళ ఊరు పెద్దదా? మా ఇంట్లో నుంచే ఎన్ని కార్డులు పోయినాయి. అన్నీ శ్రీరంగప్ప చేతికే ఇచ్చినాం. అవన్నీ యాడికి పోయినాయి?"

అవునవునని పది గొంతులు లేచాయి. ఆడవాళ్ళలో ఒకరు, మా కార్డులు అసలు పోయినాయా లేదా అని భయంగా అడిగారు. ఇన్‌స్పెక్టరు శ్రీరంగప్ప వైపు తిరిగి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఏం జరిగిందని అడిగాడు. గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు. శ్రీరంగప్పకు ఆఫీసు పోవడం ఒక ఎత్తు. పరుల కార్డులు పట్టుకెళ్ళి వేరే ఊళ్ళో వేశాడని తేలితే, ఊరికి ఆఫీసు లేకుండా చేసింది వీడేనని తేలితే, ఇక ఆ వీధిలో తలెత్తుకుని నడిచే దారి లేదు. గోడకు ఆనుకుని నిలబడిన ఓబుళేసు అతని వైపే చూస్తున్నాడు. చూసి, గొంతు సవరించుకున్నాడు.

ఓబుళేసు నోరు విప్పేలోగా నారాయణమ్మ రెండు అడుగులు ముందుకు వేసింది.

"ఆ కార్డులు మా పెట్టెలో పడినాయి సార్. శ్రీరంగప్ప మామే తెచ్చి ఏసినాడు. ఇన్నేండ్లు మా ఊరోళ్ళు ఒక కార్డు కోసం వంక దాటి ఈడికి నడిచింది ఆయన చూసినాడు గదా. మా ఆఫీసు నిలబడల్లని, తన ఆఫీసు సంగతి గూడా చూసుకోకుండా ఏస్తా వచ్చినాడు. ఆయన చెప్పుకునే మనిషి కాదు, అందుకే నేను చెప్తాండా."

వంకపల్లె వాళ్ళు ఒక్కసారి కదిలారు. కుళ్ళాయప్ప, ముసలివాళ్ళు ఇద్దరు వచ్చి శ్రీరంగప్ప చేతులు పట్టుకున్నారు. పెద్దక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. జయరాముడు కాసేపు గొణిగాడు, ఊరిని అడగకుండా ఇట్ల చేయొచ్చునా అన్నాడు. అయినా మనవాడు ఎంత పెద్ద మనసు మనిషో చూడండని పక్కవాళ్ళు అంటుంటే అతనూ మెత్తబడ్డాడు. ఇన్‌స్పెక్టరు, నిబంధనల ప్రకారం ఇది సరైన పని కాదు గానీ అంటూనే, లేచి నిలబడి శ్రీరంగప్పకు నమస్కారం చేశాడు. ఓబుళేసు సవరించుకున్న గొంతును మళ్ళీ మింగేసుకున్నాడు. శ్రీరంగప్ప అందరి మధ్యా నిలబడి, ఎవరు ఏ చేయి పట్టుకుంటే ఆ చేయి ఇచ్చాడు.

జీపు పోయింది. జనం పలచబడ్డారు. తక్కెడ, ముద్ర, లక్క, సంచులు అన్నీ ఒక గోనెలో వేసి వంకపల్లెకు చేర్చమని ఇన్‌స్పెక్టరు చెప్పిపోయాడు. నారాయణమ్మ వాటిని తీసుకోవడానికి ఆగింది. మొగుణ్ణి బండి తెమ్మని పంపి, పంచ కిందే నిలబడింది. శ్రీరంగప్ప ఆమె ముఖం చూడకుండా సామాను సర్దుతున్నాడు. కాసేపటికి ఇక పట్టలేకపోయాడు.

ఎందుకట్లా చెప్పావని అడిగాడు. ఆమె బండి వచ్చే దారి వైపు చూసింది. అతని గొంతు పెరిగింది.

"నీ మీద దయతో ఏసినానని ఎవురు చెప్పినారు నీకు? నిన్ను పడగొట్టల్లని ఏసినా. నీ తప్పు పట్టుకుందామని ఏసినా. నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మండుతాది, తెలుసునా?"

"తెలుసు మామా" అంది నారాయణమ్మ. "మా ఊర్లో వెంకటరాముడు అనేటోడు లేడు. నువ్వు పలుగు పట్టుకోని పెట్టె కాడికి వచ్చేది లోపల నుంచి చూసినా. కార్డు గదా, ముద్ర కొట్టేటప్పుడు కంట్లో పడతాది. మొదట్లో ఏడ్చినా. మా ఆయనకు చూపిస్తే ఇట్లే వచ్చి నీతో కొట్లాడుతానన్నాడు, నేనే వద్దన్నా."

"మరి ఎందుకు చెప్పినావు?"

ఆలోచించి చెప్పవలసినంత పెద్ద సంగతిగా ఆమెకు తోచలేదనుకుంటాను.

"ఓబుళేసన్న చెప్పబోతాండె. నిజం చెప్తే ఊరు నిన్ను బతకనిచ్చునా? నువ్వు ఈ ఊర్లోనే ఉండల్ల గదా మామా. అయినా అబద్ధం గూడా కాదు. నువ్వు ఏ పొద్దు ఏ కార్డు ఏసి పట్టుకుంటావో అని భయపడి భయపడి పని నేర్చుకున్నా. నువ్వు లేకుంటే నేనూ ఎప్పుడో ఒక తప్పు చేసుందును."

బండి వచ్చింది. ఆమె గోనె ఎత్తడానికి వంగితే శ్రీరంగప్ప రెండో పక్క పట్టాడు. పట్టకుండా ఉండాలనే అనుకున్నాడు, చేతులు వినలేదు. బండి కదిలేటప్పుడు ఆమె, రేపటి నుంచి ఈ పక్క ఆడవాళ్ళు చదివించుకోవడానికి మాటిమాటికీ వంక దాటి రాలేరు, ఎప్పటి మాదిరే నువ్వే చదివిపెట్టు మామా, అరుగు మీద కూర్చోబెట్టుకో అంతే అని చెప్పింది.

పొద్దు ఇంకా గుట్ట మీదనే ఉంది. అంగడికి సరుకు తేవలసిన పని ఉండి శ్రీరంగప్ప వీధిలోకి దిగాడు. దిగకుండా ఉంటే బాగుండేది. ఎదురైన ప్రతివాడూ ఆగి, చేతులెత్తి మొక్కాడు. ఎన్నడూ పలకరించని ముసలాయన ఒకడు ఇంటి గడపలో నుంచి లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళు ముద్ర కొట్టి సంపాదించిన మర్యాదకన్నా ఆ ఒక్క పూట దొరికింది ఎక్కువ. ప్రతి మొక్కుకూ తిరిగి చేయెత్తి ఎత్తి అతని భుజం లాగేసింది. ఒక్కొక్కరూ మొక్కుతుంటే, ఇది నాకు ఆమె ఇచ్చింది, ఇది కూడా ఆమె ఇచ్చిందే అనిపించేది. గుండ్రటి ముద్ర మీద, మజ్జిగ మీద, పెద్దక్క మీద పడిన అసూయను ఇంతకుముందు ఏడాదంతా నమిలాడు అతను. అదంతా కలిపినా ఈ అసూయ ముందు దిగదుడుపే. ఆఫీసును ఆమె గెలుచుకున్నందుకు కాదు. తనను తిట్టినవాణ్ణి చూసి, రెండు అడుగులు ముందుకు వేసి, ఆ మాట అంత తేలిగ్గా చెప్పగలిగినందుకు. ఆ తేలికతనం ఎక్కడ దొరుకుతుందో అతనికి తెలియదు. తెలిస్తే అదీ లాక్కుందునని కూడా అనిపించి, తన మీద తనకే రోత పుట్టింది.

సరుకు తేకుండానే ఇంటికి తిరిగి వచ్చాడు. లక్ష్మీనరసమ్మ పంచలో ఖాళీ అయిన మూల ఊడుస్తోంది. నలుగురు ఆడవాళ్ళు వచ్చి మీ ఆయన దేవుడమ్మా అని పోయారట. ఆమె ఆ మాట చెప్పి, వెనక గదిలో కట్టలు తను ఎప్పుడో చూశానని కూడా చెప్పి, మళ్ళీ ఊడ్చుకోసాగింది.

శ్రీరంగప్ప అరుగు అంచున కూలబడ్డాడు.

"ఆయమ్మ జాగాలో నేనుండి, నా జాగాలో ఆయమ్మ ఉండింటే, ఆ మాట నా నోట్లో నుంచి వచ్చుండదే" అన్నాడు.

లక్ష్మీనరసమ్మ చీపురు ఆపి అతని వైపు చూసింది. కాదనలేదు.